పేరు వేయొద్దన్న గొంతు

అమెరికాలోని మెంఫిస్‌లో మా ఆరెంజ్ మౌండ్ పేట వాళ్లకి ఒక పిచ్చి ఉంది. పాట బాగుందో లేదో ఇంట్లో వింటే తెలియదంటారు. కారు డిక్కీలో ఇంతేసి స్పీకర్లు పెట్టి, నంబరు ప్లేటు గడగడలాడేలా వినాలట. వెర్డెల్ కొంప ముంచింది ఆ పిచ్చే.

అప్పటికి ఆమెకు నలభై దాటాయి. వారమంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది, ఆదివారం చర్చి బృందంలో పాడేది. పాట ఎత్తుకునే ముందు కళ్లు మూసుకుని గొంతులోనే చిన్న కూనిరాగం తీసేది. అది వినపడగానే ముసలమ్మలు విసనకర్రలు ఆపేసేవారు. ఈస్టర్ నాడు ఒంటరిగా పాడే పాట ఏటా ఆమెదే. మొగుడు పోయాక ఆమెను మనిషిగా నిలబెట్టింది ఆ పాటే.

1996లో మేనల్లుడు టవారస్ ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని ర్యాప్ ఆల్బమ్ చేస్తానని బయల్దేరాడు. స్టూడియోకి డబ్బుల్లేవు. వెర్డెల్ బట్టల గది నిండా కోట్లు, చర్చి గౌన్లు. అవి ప్రతిధ్వని మింగేస్తాయని మైకు అక్కడే వేలాడదీశాడు.

"నా గౌన్లకి మీ చెమట అంటిందో, ముగ్గురినీ ఉతికి ఆరేస్తా" అని అరుస్తూనే వాళ్లకి చేపలు వేయించేది. వేయిస్తూ పాడుకునేది. ఒకరోజు టవారస్ వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాడు.

"అత్తా, మా పాటలో నాలుగు ముక్కలు పాడవా?"

"ఆ బూతుల మధ్యనా? పాస్టరుగారు నా తోలు ఒలిచేస్తారు."

"ఇందులో బూతుల్లేవు. నాన్న మీద రాసుకున్నాను."

నాన్నంటే వెర్డెల్ తమ్ముడు. నది మీద సరుకు పడవలో పనిచేస్తూ నీళ్లపాలైనవాడు. ఆమె పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని, తన గౌన్ల మధ్య నిలబడి పాడింది. పేరు మాత్రం ఎక్కడా వేయొద్దని ఒట్టు వేయించుకుంది. కుర్రాళ్లు మాట తప్పలేదు. కానీ పాటకి ముందున్న కూనిరాగం కత్తిరించాలని ఎవరికీ తట్టలేదు. ఆమెకీ తట్టలేదు.

క్యాసెట్ ఊరంతా పాకింది. ఈస్టర్ వారం ఉందనగా చర్చిలో సాధన జరుగుతోంది, కిటికీలు తెరిచి ఉన్నాయి. బయట సిగ్నల్ దగ్గర ఒక కారు ఆగింది. ముందు కిటికీల అద్దాలు అదిరాయి, తర్వాత ఆ కూనిరాగం లోపలికొచ్చింది. బృందమంతా ఒక్కసారి వెర్డెల్ వైపు తిరిగింది.

మా పాస్టరు రెవరెండ్ పెటిగ్రూ మంచివాడే, కాకపోతే ర్యాప్ అన్న మాట వింటే ఒంటికి కారం రాసుకున్నట్టు ఎగిరేవాడు.

"సిస్టర్ వెర్డెల్, ఎవరిదా గొంతు?"

కాదంటే సరిపోయేది. కాదనాలని ఆయనే ఆశగా చూస్తున్నాడు, పండగకి ఆ గొంతు కావాలి మరి. కానీ ఆ పాటను కాదంటే తమ్ముణ్ణి కాదన్నట్టే.

"నేనే" అంది తల వంచుకుని.

దేవుడివి కాని లోకం పాటలు పాడినవాళ్లని మా చర్చిలో కూర్చోబెడతారు. అంటే బట్టల మీద వేసుకునే బృందం గౌను విప్పించి, అందరూ చూస్తుండగా వెనక బల్లకి పంపుతారు. ఆ ఈస్టర్‌కి ఆమె పాట ఇంకొకావిడ పాడింది. వెర్డెల్ వెనక బల్ల మీద పెదవులు బిగబట్టి కూర్చుంది. అంతలో తలుపు తీసుకుని, అరువు తెచ్చుకున్న కోట్లలో ఆ ముగ్గురూ వచ్చి ఆమెకు అటూ ఇటూ సర్దుకున్నారు.

"మీరెందుకొచ్చార్రా?"

"మమ్మల్నీ కూర్చోబెట్టారులే అత్తా" అన్నాడు టవారస్. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

చలికాలానికి గౌను తిరిగిచ్చారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు పాడింది. ఎంత గొప్పగా పాడిందో మేం విన్నాం, కానీ ఒక్కరమూ రికార్డు చేయలేదు. ఇప్పుడు తలుచుకుంటే మా చెంపలు మేమే వాయించుకోవాలనిపిస్తుంది. గొంతుకి ఆపరేషన్ అయ్యాక ఆమెకి మిగిలింది గుసగుసే.

పోయిన వేసవిలో చర్చి ఆవరణలో చేపల విందు జరిగింది. ఎవరో కారు డిక్కీ తెరిచి ఆ పాత ఆల్బమే పెట్టారు. బృందంలో కొత్తగా చేరిన కెషాండ్రా తింటున్నదల్లా ఆగిపోయింది.

"అబ్బ, ఏం గొంతు! ఎవరీవిడ? పేరు కూడా వేయలేదే!"

గడ్డం నెరిసిన టవారస్ అత్త వైపు చూశాడు. ఒట్టు ఒట్టే మరి. వెర్డెల్ పళ్లెం పక్కన పెట్టింది. ఈసారి తల వంచుకోలేదు.

"నేనే" అంది.

స్పీకర్ల మోతలో ఆ గుసగుస కెషాండ్రాకి వినపడలేదు. టవారస్ గబగబా వెళ్లి పాట ఆపేశాడు. ఆవరణంతా వీళ్ల వైపు తిరిగింది.

"ఇంకోసారి చెప్పు అత్తా" అన్నాడు.