అత్తకు జబ్బు చెప్పిన గేదె

మా సీతారావమ్మ అత్తకు మూత్రం బాధ ఉందన్న సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. అది ఏ జబ్బో మాత్రం ఎవరికీ తెలియదు. అయినా వైద్యం ఒక్కరోజూ ఆగలేదు. మా ఊళ్ళో వైద్యం చెయ్యడానికి జబ్బు తెలియాలన్న నియమం లేదు.

దగ్గితే చుక్క, తుమ్మితే నాలుగు చుక్కలు. నలభై అయిదు దాటాక అలా మొదలైంది. వేడి చేసిందని పక్కింటి పుష్పవతి బార్లీ నీళ్ళు పట్టించింది. షుగరేనని ఆర్‌ఎంపీ సాంబయ్య తేల్చాడు. మూడుసార్లు పరీక్ష చేయిస్తే మూడుసార్లూ లేదనే వచ్చింది. అయినా ఎందుకైనా మంచిదని అత్త కాఫీలో పంచదార మాన్పించారు.

ఇక మా భవానీప్రసాద్ మామయ్య. నందిగామ పక్కన ఎనిమిదెకరాల రైతు, నాలుగు గేదెల ఆసామి, పదిమందిని నవ్వించడంలో దిట్ట. జగ్గయ్యపేటలో పెళ్ళికి కారులో బయల్దేరితే, "మీ అత్తకి దారిలో పెట్రోలు బంకులన్నీ చుట్టాలేనమ్మా, పలకరించకుండా రాదు" అనేవాడు. కారంతా నవ్వేది. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా. ఆ తర్వాత పెళ్ళిళ్ళ రోజున అత్త మంచినీళ్ళు ముట్టడమే మానేసింది.

కొన్నేళ్ళకు కారడం తగ్గింది. బార్లీ మహిమని పుష్పవతి, నా మాత్రలేనని సాంబయ్య. తగ్గిన మాట నిజమే. కానీ ఇప్పుడు ఎంతసేపు కూర్చున్నా మూత్రం రాదు. కింద ఏదో ఉండలా జారి చేతికి తగిలేది. దాన్ని వేలితో పైకి నెడితేనే వచ్చేది. అది ఏ పాడురోగమో, చెబితే ఏమంటారో, ఎన్నాళ్ళు బతుకుతానో అని అత్త లోలోపలే కుమిలిపోయింది. ఆ భయంతోనే రోజూ మేత మోపులు ఎత్తింది.

పోయిన వేసవిలో ఓ పొద్దున కాఫీ గ్లాసుతో దొడ్లోకి వెళ్ళిన మామయ్య గావుకేక పెట్టాడు. నెలలు నిండిన చూడిగేదెకు మెయ్య దిగింది. లోపల ఉండాల్సిన సంచి వెనక నుంచి ఎర్రగా కుండంత బయటికొచ్చి వేలాడుతోంది. గేదె ముక్కుతోంది. మామయ్య గ్లాసు పారేసి, చెప్పులైనా లేకుండా ఫోన్ చేస్తూ వీధిలోకి పరిగెత్తాడు. గంట తిరక్కుండా పశువుల డాక్టరును దొడ్లో నిలబెట్టాడు.

"వెంటనే పిలిచారు, మంచిపని చేశారండీ. ఇది కిందికి జారి మూత్రం దారిని నొక్కేసింది. అందుకే ఎంత ముక్కినా రావట్లా, చూడండి" అంటూ డాక్టరు దాన్ని కడిగి, రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. అంతే, గేదె బకెట్టుడు పోసింది. డాక్టరూ తడిశాడు, మామయ్యా తడిశాడు.

"ఎంత బాధపడిందో పిచ్చితల్లి! నోరులేని జీవం కదండీ" అన్నాడు మామయ్య. నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు.

వెనకాల నిలబడ్డ అత్త చేతిలోని నీళ్ళబిందె కింద పెట్టింది.

"డాక్టరు గారూ, మనుషులకి కూడా ఇలా అవుతుందాండీ?"

"ఎందుకవదమ్మా? ఆడవాళ్ళకీ గర్భసంచి జారుతుంది. లేడీ డాక్టరుకి చూపించుకుంటే సరిచేస్తారు."

"సరిచేస్తారా?" అని అత్త రెండుసార్లు అడిగిందట.

గేదె వెనక కాళ్ళు ఎత్తులో ఉండాలని డాక్టరు చెబితే, మధ్యాహ్నానికల్లా మట్టిదిమ్మ తయారైంది. వారంపాటు సెంటర్లో మామయ్య అదే కథ. "చూసిన గంటలో డాక్టర్ని దించా. పశువుని కనిపెట్టుకుని ఉండాలయ్యా!"

ఆ వారంలోనే అత్త నాకు ఫోన్ చేసి, ఏడుస్తూ అంతా చెప్పింది. నందిగామలో లేడీ డాక్టరు దగ్గరికి బయల్దేరాం. ఆడవాళ్ళ వ్యవహారం నాకెందుకన్న మామయ్యను, కారు తోలేవాళ్ళు లేరని లాక్కెళ్ళాం.

పరీక్ష చేసి డాక్టరమ్మ మా ముగ్గురినీ కూర్చోబెట్టింది. "గర్భసంచి జారింది, దాంతోపాటు మూత్రసంచీ జారింది. మొదట్లో కారింది అందుకే. మరీ కిందికి వచ్చాక మూత్రనాళం మడతపడి, రావడమే కష్టమైంది. మీరు తగ్గిందనుకున్నారు, నిజానికి ముదిరింది. ఆపరేషన్ చేసి సరిచేద్దాం. ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "ఈ మధ్యేనండి..."

"తొమ్మిదేళ్ళమ్మా" అంది అత్త. "నాకు నోరుంది కదా, అందుకని ఈయన కంట పడలా."

మామయ్య కారు తాళాల గుత్తిలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. నాకు నవ్వు రాలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. బరువులెత్తొద్దన్నారు గనక మేత మోపులు ఇప్పుడు మామయ్యే ఎత్తుతున్నాడు, ముక్కుతూ మూలుగుతూ. సెంటర్లో గేదె కథ చెప్పడం మానేశాడు. ఇప్పుడది పాలకేంద్రం దగ్గర అత్త చెబుతోంది, తొమ్మిదేళ్ళూ కలిపి. మొన్న పుష్పవతి, ఆ బార్లీ నీళ్ళ పుష్పవతే, నన్ను గోడవారకు పిలిచి, నందిగామ డాక్టరమ్మ ఏయే రోజుల్లో ఉంటుందని మెల్లగా అడిగింది.