గని పైన ఉద్యోగం

కోలారు బంగారు గనుల ఊరు చూడాలని పట్టుబట్టింది నేనే. అప్పటికి గనులు మూసేసి నాలుగేళ్ళు. మా ఆయన పుట్టి పెరిగింది అక్కడే. డిప్లొమా చదివి, తాడేపల్లిగూడెంలో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేరారు. గనిలో రాతిపొడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడై, మామగారు మా పెళ్ళికి ముందే పోయారు. అత్తయ్య అక్కడ కంపెనీ వరసగా కట్టిన కార్మికుల లైను ఇంట్లో ఒక్కరే ఉండి, గనులు మూతపడ్డాక మా దగ్గరికి వచ్చేశారు.

పెదపాడు దగ్గర పల్లెలో పుట్టినదాన్ని, నేను వరిచేలు, చేపల చెరువులు తప్ప ఏం చూశాను? బంగారం తవ్విన ఊరంటే మోజు.

"ఇప్పుడక్కడ ఏముందమ్మా, మట్టిదిబ్బలు" అన్నారు అత్తయ్య.

"మన పాపకి చూపిద్దామండీ" అని వేసవి సెలవుల్లో అందరినీ బయల్దేరదీశాను.

నిజంగానే చూడ్డానికి చాలా ఉంది. బంగారం తీసేశాక పారబోసిన బూడిదరంగు ఇసుక కొండలై నిలిచింది. గనుల మీద, మనుషుల్ని లోపలికి దించిన పెద్ద పెద్ద ఇనుప చక్రాలు కదలకుండా ఉన్నాయి. దొరల బంగళాల కిటికీల్లోంచి పిచ్చిమొక్కలు తొంగి చూస్తున్నాయి. దేశంలో చాలా ఊళ్ళు దీపాలతో గడుపుతున్న రోజుల్లోనే ఇక్కడికి కరెంటు వచ్చిందని మా ఆయన పాపకి గర్వంగా చెప్పారు. భూమి లోపల రాయి పగిలితే ఇంట్లో అలమారలో గిన్నెలు దొర్లేవట. నేను ఫొటోలు తీస్తూనే ఉన్నాను.

పాత ఇల్లు కూడా చూద్దామన్నాను. అత్తయ్య వద్దన్నారు. వినలేదు.

పక్కింటావిడ ఇంకా అక్కడే ఉంది. అత్తయ్యని చూసి చేతులు పట్టుకుని, కూర్చోబెట్టి టీ ఇచ్చింది. మాటల్లో మామగారి ప్రస్తావన వచ్చింది.

"డాక్టరు చెప్పినప్పుడే అన్నయ్య లోపలికి దిగడం మానేసి గని పైన పనికి మారి ఉంటే, ఇంకొన్నాళ్ళు ఉండేవాడక్కా."

మా ఆయన గ్లాసు కింద పెట్టారు. "నాన్నకి పైన పని ఇస్తామన్నారా?"

అత్తయ్య చీర అంచు సర్దుకున్నారు.

"పైన అయితే జీతం తగ్గుతుందన్నారు. నువ్వప్పుడు డిప్లొమాలో ఉన్నావు. నేనే వద్దన్నా. నీ చదువయ్యేదాకా ఓర్చుకోమన్నా."

ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. తిరుగు రైల్లో తల్లీకొడుకులు ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఇంటికొచ్చాక ఆయన అత్తయ్య లేవకముందే డ్యూటీకి వెళ్ళిపోయేవారు. ఆవిడ కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచేవారు.

ఒకరోజు వంటింట్లో ఉండబట్టలేక అన్నాను. "అత్తయ్యా, మీరు వద్దన్నా లాక్కెళ్ళాను. అంతా నావల్లే."

"నీవల్ల కాదమ్మా. నేను చెప్పాల్సింది. చెప్తే చదువు మానేస్తాడని అప్పుడు చెప్పలేదు. తర్వాత, చెప్తే నా మొహం చూడడేమోనని చెప్పలేదు."

ఆ మాట ఆయనకి చెప్పాను. ఆదివారం అత్తయ్య వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తుంటే వెళ్ళి పక్కన కూర్చున్నారు.

"వద్దన్నప్పుడు నాన్న ఏమన్నారమ్మా?"

"సరే అన్నారు. అంతే."

"నేను పాసైనప్పుడు?"

"లైనంతా చెప్పొస్తానని బయల్దేరారు. నాలుగిళ్ళు దాటలేదు, దగ్గు ఆగక ఎవరి అరుగుమీదో కూర్చుండిపోయారు. నేను వెళ్ళి తీసుకొచ్చా. దార్లో కూడా నవ్వుతూనే ఉన్నారు."

ఆయనకి ఏడుపు ఆగలేదు. ఆవిడ చేతిలో కాయలు వదిలేసి కొడుకు వీపు నిమిరారు. "నా చదువు కోసమే కదమ్మా" అని ఆయన, "వద్దన్నది నేనురా" అని ఆవిడ. ఎవరి తప్పు వాళ్ళు తమవైపే లాక్కున్నారు గానీ, ఒకరినొకరు తప్పుపట్టలేదు.

ఆ రోజునుంచి మళ్ళీ కలిసి భోంచేశారు. నేను మాత్రం ఆ ఊరి ఫొటోలు కడిగించలేదు. అత్తయ్య ఇన్నేళ్ళు దాచుకున్నదాన్ని నా సరదా కోసం పరాయివాళ్ళింట్లో, పాప ముందు చెప్పించానే అన్న బాధ నన్ను వదల్లేదు.