రోలు కింద బీగంచెవి

పోయిన నెల మా ఇంటి బీగం పగలగొట్టినారు. దొంగలు కాదు! నేనే దగ్గరుండి పగలగొట్టిస్తి. మా నాయన గడ్డపార ఎత్తితే, నేను పక్కన నిలబడి "ఇంగొంచెం గట్టిగా నాయనా" అంటి. ఎందుకో చెప్తా, టీ తాగుతా వినండి. అదో, మన స్టాఫ్ రూము కిటికీ కాడ కూర్చోని మన ఇంగ్లీషు సారు వెంకటరెడ్డి నవ్వుతాండాడు చూడండి. ఈ కతలో ఆయప్పకూ పార్టుండాది.

మా లక్ష్మి ఎప్పుడూ సముద్రం చూడలేదు. నేనూ చూడలేదు. చెప్పుకోడానికి సిగ్గే. సోషల్ టీచర్ని కదా, పద్నాలుగేండ్లుగా గ్లోబు మీద నీలం రంగు చూపిచ్చి "పిల్లలూ, ఇదంతా నీళ్ళే" అని చెప్తాండా. కదిరిలో మాకు నీళ్ళంటే నాలుగు దినాలకొకసారి కొళాయిలో వచ్చే సన్నటి ధార. దాన్ని చూస్తేనే పాణం లేచొస్తాది. అట్లాంటిది, కంటికి ఆనినంత మేరా నీళ్ళు! లక్ష్మి రోజూ అడిగేది, "అన్ని నీళ్ళూ ఒకేచోట ఉంటే ఎట్లుంటాదయ్యా?" అని. నేను పాఠం చెప్తా చెప్తానే కలల్లోకి పోయేవాన్ని. ఎట్లైనా స్కూళ్ళు తెరిచే లోపల పోవాలని, జూన్ మొదట్లో నాలుగు దినాలకు టిక్కెట్లు తీసుకొంటి. తిరుపతికి బస్సు, ఆడినుంచి నెల్లూరు, ఆడినుంచి మైపాడు.

ఇంటికి ఎవురో ఒకరు ఉండాల కదా. గురువారం కొళాయి వచ్చే వంతు. నింపకపోతే తిరిగొచ్చినాక తాగను చుక్కుండదు. అదొక్కటే కాదు, మా నాయన విత్తనం మూటలు మా ఇంట్లోనే ఉండాయి. నల్లమాడ కాడ మా పల్లెలో ఎలకలు ఎక్కువైనాయని, ఇంటిల్లిపాదీ కూర్చోని వొలిచి పెట్టిన చెనక్కాయ విత్తనం పది మూటలు మా నడవలో దించి పోయినాడు. "వాన పడిన మర్నాడే వస్తా, రెడీగా పెట్టుకో" అని చెప్పినాడు. ఆ మూటల్లోనే వాళ్ళ సంవత్సరమంతా ఉండాది.

కాబట్టి నా ఫ్రెండు ఫకృద్దీన్‌కు చెప్పాల. మన డ్రాయింగ్ సారే. అప్పుడు హిందూపురంలో అత్తగారింట్లో ఉండాడు, గురువారం పొద్దున వస్తాడు. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటారేమో. చెప్పొచ్చు! కానీ అప్పటికి నేను ఆ కొత్త వెబ్‌సైట్లో చేరి నెల కూడా కాలా. ఫోటో పెట్టుకోవచ్చు, ఎప్పుడో విడిపోయిన క్లాస్‌మేట్లను ఎతుక్కోవచ్చు, ఒకరి పేజీ మీద ఇంకొకరు రాసుకోవచ్చు. నాకదొక మత్తు. నెట్ సెంటర్లో ఫ్యాన్ గిర్రుమంటా తిరుగుతాంటే, తెరమీద నా పేరు చూసుకోని నేనే మురిసిపోయేవాన్ని. నా లెక్కలో అది ఇన్‌ల్యాండ్ లెటర్ మాదిరి. ఎవరికి రాస్తే వాళ్ళే విప్పి చదువుకుంటారు అనుకొంటి. అది బస్టాండు గోడ అని నాకెవురూ చెప్పలా.

మంగళవారం సాయంత్రం ఫకృ పేజీ మీద రాస్తి. ఏం రాసినానో చెప్తే మీరు నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు.

"ఫకృ, రేపు పొద్దున్నే సముద్రానికి పోతాండాం. శనివారం దాకా ఇల్లు ఖాళీ. బీగంచెవి వసారాలో రోలు కింద పెడతా. గురువారం నీళ్ళు పట్టు. నడవలో విత్తనం మూటలుండాయి, జాగ్రత్త. కొత్త ఇల్లు నీవు చూడలేదు కదా, సంత గేటు దాటినాక రెండో సందు, పచ్చ గేటు."

దొంగకు ఇంతకన్నా ఏం కావాలప్పా? వాడి కోసం టీ కాచి పెట్టలేదు, అదొకటే తక్కువ!

బుధవారమంతా బస్సుల్లోనే సరిపోయింది. గురువారం పొద్దున ఏడింటికి మైపాడులో ఇసక మీద దిగితిమి. ఏం చెప్పేదప్పా! నేను పద్నాలుగేండ్లు చెప్పిందంతా అబద్ధమనిపించింది. గ్లోబు మీద ఉండే నీలం ఆడ లేదు. బూడిదరంగు, ఆకుపచ్చ, వెండిరంగు, అన్నీ కలిసి లేస్తాండాయి, పడతాండాయి. లక్ష్మి చీర మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకోని నీళ్ళల్లో నిలబడి కండ్లు మూసుకొనింది. ఏమన్నా చెప్దామని పోతే, "కాసేపు మాట్లాడొద్దయ్యా" అనింది. నేను ఇసకలో చతికిలబడితి. అల వచ్చి కాళ్ళ కింద ఇసక లాక్కోని పోతాంటే, కూర్చున్నోన్ని కూర్చున్నట్లే ఎక్కడికో తేలిపోతాండానేమో అనిపించింది. పేరు మర్చిపోయినా. ఊరు మర్చిపోయినా. అట్ల ఎంతసేపో.

అప్పుడు జేబులో సెల్లు మోగింది.

చేసింది రమణ. డిగ్రీలో నా క్లాస్‌మేటు, ఇప్పుడు బెంగళూర్లో ఉండాడు. ఆ వెబ్‌సైట్లోనే మళ్ళీ దొరికినాడు.

"ఏమప్పా ఓబులేసూ, సముద్రం ఎట్లుండాది?"

"బ్రమ్మాండంగా ఉండాది రా! నీకెవురు చెప్పినారు?"

"నీవే రాసినావు కదా. రోలు కింద బీగంచెవి పెట్టినావంట?"

అల ఒకటి వచ్చి నడుము దాకా తడిపి పోయింది. నాకు తెలీనే లేదు.

"రేయ్, అది ఫకృకు రాసింది!"

"ఫకృ పేజీ మీద రాసినావు. ఆ పేజీ ఎవురైనా చూడొచ్చు. మా ఆఫీసులో మన పక్క పిల్లోళ్ళు నలుగురుండారు, అందరం చదువుకోని నవ్వుకొంటిమి."

"అయ్యో! ఇప్పుడెట్ల రా?"

"ఏం బయపడద్దు. మా అత్త నాగమ్మ మీ పక్క వీధిలోనే ఉంటాది. పోయి చూసుకోమని ఇప్పుడే చెప్తా."

ఫకృకు ఫోన్ చేస్తే కలవలా, తడిసిన జేబులో పెడితే నా సెల్లు కూడా ఆగిపోయె. లక్ష్మికి చెప్దామని చూస్తే, ఆమె ముఖంలో అంత నెమ్మది నేను పెండ్లినాడు కూడా చూడలా. ఎట్ల చెప్పేది? "బీడీలు తెచ్చుకొస్తా" అని చెప్పి ఆటో ఎక్కితి. నేను బీడీ తాగనని ఆమెకు గుర్తుకొచ్చే లోపల నెల్లూర్లో ఒక నెట్ సెంటర్లో కూర్చోని ఉంటి.

తెరిచి చూస్తే నా మాట కింద పదకొండు మంది రాసినారు! ఒకాయన "సముద్రం ఫోటోలు పెట్టండి సార్" అంటాడు. ఇంకొకాయన, ఎవురో ఏమో, ఊరు కణేకల్ అంట, "రోలు కింద వద్దన్నా, అందరూ మొదట ఆడనే ఎతుకుతారు" అని సలహా ఇచ్చినాడు. ఇంకొకామె, "మీ సందులో అద్దెకు ఇండ్లు ఉంటే చెప్పండి" అని రాసింది. గబగబా నా రాతను తుడిచేస్తి, దాని కింద రాసినవీ పోయినాయి. తెర మీద తుడిచేస్తి సరే, చదివినోళ్ళ తలకాయల్లోంచి ఎట్ల తుడిచేది?

సాయంత్రం లక్ష్మికి నిజం చెప్తి. అరుస్తాదనుకొంటి. అరవలా. సముద్రం పక్క చూస్తా ఒకే మాట అనింది.

"మామ విత్తనం, అయ్యా."

శుక్రవారం తెల్లారేసరికి బస్సులో ఉంటిమి. దారి పొడుగునా కిటికీకి తల ఆనించి కలలే. ఒక కలలో ఎవురో మా మూటలు మోసుకోని సముద్రంలోకి నడుచుకుంటా పోతాండారు. నేను ఇసకలో కూరుకోని అరుస్తాండా, ఎవురూ తిరిగి చూడరు. తటుక్కున మెలకువ వచ్చె. చూస్తే బయట నేల తడిసి ఉండాది! రాయచోటి దాటినాక రోడ్డు పక్క గుంటల్లో ఎర్రనీళ్ళు నిలబడినాయి. కిటికీలోంచి తడిమట్టి వాసన లోపలికొస్తే, బస్సులో మాటలు ఆగిపోయినాయి. కండక్టరు కూడా టిక్కెట్లు కొట్టడం మర్చిపోయి బయటికి చూస్తాండాడు. వాన! మేం నీళ్ళు చూడను అంత దూరం పోతే, నీళ్ళు మా ఊరికి వచ్చి పోయినాయి.

ఆ సంతోషం ఒక నిమిషమే. వాన పడిందంటే నాయన వచ్చింటాడు. నేలలో పదను ఆరక ముందే విత్తాల కదా.

మధ్యాహ్నం మా సందులోకి తిరిగితే, పచ్చ గేటు ముందర తిరణాల! బాడుగ ట్రాక్టరు ఒకటి. మెట్టు మీద తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకోని మా నాయన. రోలు మీద చేతికర్రతో నాగమ్మత్త. గోడకానుకోని ఫకృ, చొక్కా జేబు చినిగి వేలాడతాండాది. వాళ్ళ మధ్యలో వెంకటరెడ్డి సారు. వాకిలికి బీగం వేసింది వేసినట్లే ఉండాది. నాకు పాణం లేచొచ్చె.

"మూటలు ఉండాయా నాయనా?"

"ఉండాయో లేదో బీగం తీస్తే కదప్పా తెలిసేది. బీగంచెవి యాడ?"

"రోలు కింద. ఉండేదే ఒక్క చెవి."

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొనిరి. నాగమ్మత్త కర్రతో నేల మీద పొడిచి, "రోలు కింద మట్టి ఉండాది నాయనా, చెవి లేదు" అనింది.

అప్పుడు బయటపడింది అసలు కత. బుధవారం సాయంత్రం నెట్ సెంటర్లో నా రాత చదివి, అయ్యో అనుకోని, మన వెంకటరెడ్డి సారు గురువారం పొద్దున్నే వచ్చినాడు. రోలు కింద చెవి తీసి, పైన వెంటిలేటర్లో దాచిపెట్టి, ట్రైనింగ్ ఉందని అనంతపురం పోయినాడు. నా మంచికే! తర్వాత నాగమ్మత్త వచ్చింది. రోలు కింద చూస్తే చెవి లేదు. దొంగ చేతికి పోయిందనుకోని, వాడు మళ్ళీ వస్తాడు కదా అని కర్ర పట్టుకోని కూర్చునింది. పదకొండింటికి మన ఫకృ వచ్చి, నేరుగా రోలు కింద చెయ్యి పెట్టినాడు!

"నేను ఫ్రెండునమ్మా అని మొత్తుకొంటి అన్నా, వింటేనా" అన్నాడు ఫకృ, జేబు చూపిస్తా.

"దొంగలు చుట్టాలమని చెప్పి రారా ఏంది?" అని నాగమ్మత్త.

సాయంత్రం సారు వచ్చి ఆయమ్మకు సర్దిచెప్పి, "చెవి నేనే దాచినా" అని స్టూలెక్కి వెంటిలేటర్లో చెయ్యి పెడితే, ఆడా లేదు! ఇంక ముగ్గురికీ బయం. నిజం దొంగ ఎవుడో తీసుకుపోయినాడని, వంతులేసుకోని వాకిలి కాచినారు. కొళాయి వచ్చి పోయింది, బిందె నిండలా. వాన వచ్చింది, ముగ్గురూ వసారాలో ఒదిగి నిలబడినారు. తెల్లారి ట్రాక్టరేసుకోని మా నాయన వచ్చినాడు.

"పొద్దున్నే పగలగొట్టి తీసుకుపోవచ్చు కదా నాయనా" అంటి.

"కోడలు లేనప్పుడు ఆమె ఇంటి బీగం నేను పగలగొట్టేదేంది?" అన్నాడాయన. అని, లక్ష్మి పక్క చూసినాడు. ఆమె తల ఊపింది. నాయన లేచి తలగుడ్డ చుట్టుకోని గడ్డపార అందుకొన్నాడు. మూడో దెబ్బకు బీగం రెండు ముక్కలైంది.

నడవలో పది మూటలూ అట్లే ఉండాయి. వాటిని చూసి నాకు ఏడుపొచ్చె. అందరం తలా ఒక చెయ్యి వేసి ట్రాక్టర్లోకి ఎక్కిస్తిమి. ఎక్కిచ్చినాక నాయన చెమట తుడుచుకుంటా, "ఆ కంప్యూటర్లో ఏమో రాసినావంట. ఎవురు చదవాలని రాసినావు?" అన్నాడు.

"ఒక్కడే నాయనా. ఫకృ."

"ఆయప్ప చదివినాడా?"

ఫకృ నేల చూపులు చూసినాడు. "లేదు పెద్దాయనా. హిందూపురంలో నెట్ సెంటర్‌కు పోనేలేదు. రమణన్న ఫోన్ చేసి చెప్తేనే నాకు తెలిసింది."

అంటే, ఎవురికి రాసినానో వాడొక్కడే చదవలేదు! నాయన ట్రాక్టరెక్కి పోయినాడు. మర్నాడు సాయంత్రానికి విత్తడం అయిపోయిందని కబురొచ్చింది. ఆ మాట విన్నాకే నాకు నిద్ర పట్టింది. కలలో మా చేనంతా మైపాడు మాదిరి అలలు అలలుగా లేస్తాండాది.

ఆదివారం పొద్దున వాకిలి తట్టిన చప్పుడు. చూస్తే మన నెట్ సెంటర్ నడిపే ప్రసాదు. భుజాన బ్యాగు, ముఖమంతా వెలుగు.

"అన్నా, నీ అదృష్టం బాగుండాది! గురువారం పొద్దున మీ సందులోంచి బస్టాండుకు పోతాంటే, ఎవుడో, ముఖం కనపడలా, మీ వెంటిలేటర్లో ఏమో దాచి పోతాండాడు. నీవు రాసింది నేనూ చదివింటి కదా, అనుమానమొచ్చి చూస్తే బీగంచెవి! ఈడుంటే దొంగల పాలైతాదని జేబులో వేసుకోని పోతి. బెంగళూర్లో కంప్యూటర్ సామాన్లు కొనే పనుండె. సెల్లు చార్జింగ్ అయిపోయె. ఇదో, భద్రంగా తెచ్చినా, తీసుకో."

మేం సముద్రానికి పోతే, మా బీగంచెవి బెంగళూరు చూసొచ్చింది.

చెయ్యి చాపి తీసుకొంటి. ప్రసాదు వంగి చెవిలో గుసగుసగా, "ఇప్పుడైనా యాడ పెడతావో ఎవురికీ చెప్పొద్దన్నా" అన్నాడు.

మీకు చెప్తే ఏంలే. షర్టు జేబులో ఉండాది, ఇదో. కావల్సినోళ్ళు చూసుకోండి, కావాలంటే ఆ వెబ్‌సైట్లో మళ్ళీ రాస్తా. బీగం లేని చెవిని ఎవుడు ఎత్తుకుపోతాడు!