చింతపిక్కల డబ్బా

నా చిన్నప్పుడు, మా నాన్న మస్కట్ వెళ్ళిన ఏడు, మా అమ్మ చేతివేళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. కాలవలో నానేసిన కొబ్బరి డొక్కల్ని మోకాలిలోతు నీళ్ళలో నిలబడి తీసి పీచు కొట్టడం ఆవిడ పని. పొద్దున్న లేచేసరికి గుప్పిట తెరుచుకునేది కాదు.

ముక్తేశ్వరంలో ఒక వైద్యులుగారుండేవారు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్తే, నాడి చూసి వాతం అన్నారు. చద్దన్నం, చన్నీళ్ళు మానేసి, నువ్వులనూనె గోరువెచ్చగా రాసుకుని వేణ్ణీళ్ళు పోసుకోమన్నారు. అన్నిటికంటే ముఖ్యం, పొయ్యి దిగిన అన్నంలో వెల్లుల్లికారం, నెయ్యి కలుపుకుని రోజూ ఒకే వేళకి తినాలన్నారు. అమ్మ “ఆయ్, ఆయ్” అని తలూపింది. ఆయన నవ్వేరు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు ఎప్పుడు తింటారో ఆయనకి తెలుసు. తాతయ్యా బాబాయిలూ తిని లేచేక, గిన్నె అడుగున చల్లారిపోయింది తింటారు.

కాయితం మీద రాసిచ్చినా చదివేవాళ్ళు మా ఇంట్లో లేరు. అందుకని ఒక ఖాళీ డబ్బా చేతిలో పెట్టి, పెత్తనం నాకిచ్చేరు. మీ అమ్మ వేడన్నం తిన్నరోజున ఈ డబ్బాలో ఒక చింతపిక్క వెయ్యి, వచ్చే అమావాస్యకి పట్టుకురా అన్నారు.

మర్నాడు పీటేసి అమ్మని కూచోబెట్టేను. “మగాళ్ళకంటే ముందే కంచం ముందేసుకుంది, మహారాణిగారు!” అని మా నానమ్మ వీధిలోకి వినపడేలా అంది. అమ్మ తలొంచుకుని కలిపింది. నేతి వాసనకి నేను గుటకలు మింగుతున్నాను. మొదటి ముద్ద నా నోట్లో పెట్టేసింది. “నువ్వు తింటే నేను తిన్నట్టేనే అమ్మలూ. పిక్క వేసెయ్” అంది. కంచం ఖాళీ అయ్యేక వేసేను. నెలంతా అలాగే జరిగింది. ఒక్కరోజు కూడా నేను వద్దనలేదు.

అమావాస్యకి వైద్యులుగారు డబ్బా చూసేరు. అమ్మ వేళ్ళు పట్టుకుని చూసేరు. ఆఖర్న నా బుగ్గలు చూసేరు.

“మందు మీ పిల్లకి బాగా పట్టిందమ్మా” అన్నారు.

అమ్మ నవ్వింది. నేనూ నవ్వేను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో టిక్కెట్టు అమ్మ వేళ్ళలో నిలవక జారిపోయింది. వంగి తీసిస్తుంటే అప్పుడు తెలిసింది, ఆయన అన్నది నవ్వుకోడానికి కాదని.

ఆ మర్నాటినుంచి నేను నోరు తెరవలేదు. ఆకలి లేదని అబద్ధమాడి గుమ్మంలో కూచునేదాన్ని. అమ్మ తినేది. కానీ ఆ వానాకాలానికే వేళ్ళు పూర్తిగా ముడుచుకుపోయాయి. ఒక్కనెలలో వచ్చిన తేడా కాదమ్మా అని వైద్యులుగారు చాలాసార్లు చెప్పేరు. నేను నమ్మలేదు, ఇప్పటికీ.

అమ్మకి చేతులు నేనే అయ్యేక నా బడి మాట ఎవరూ ఎత్తలేదు. అక్షరాలు దిద్దింది నలభై దాటేకే. అమ్మ పోయేదాకా వేడన్నం నేనే కలిపి పెట్టేను. ముద్ద నోటిదాకా తీసుకెళ్తే, పెదాలు బిగించి, నువ్వు తిన్నావా అన్నట్టు చూసేది. తిన్నానంటేనే తెరిచేది.

ఇప్పుడు మా ఇంట్లో పొయ్యి దిగిన అన్నం ముందు కోడలికే వడ్డిస్తాను. ఆ పిల్ల మొదటి ముద్ద మనవరాలి నోటికి అందించబోతే చెయ్యి పట్టుకుని ఆపుతాను. పిక్కల్ని నేను నమ్మను. ఎదురుగా కూచుని, మింగేదాకా చూస్తాను.