సహస్రకుండ్‌లో నీలం చీర

మొన్న సహస్రకుండ్ జలపాతం దగ్గర, లోయ అంచున నిలబడి ఫోటోలు తీస్తున్న నా కూతుర్ని చెయ్యి పట్టి వెనక్కి లాగాను.

నా ఎనిమిదో ఏట, గోకుందలో ఫోటో స్టూడియో నడిపే నాయినను పోలీసులు అక్కడికే పిలిపించారు. బడి లేదని నేనూ వెళ్లాను. ఆయన బండమీద బోర్లా పడుకుని కింద నదివైపు కెమెరా పెట్టాడు. నల్లరాళ్ల నడుమ నీలం చీర కనిపించింది.

"నాయినా, ఎవరో చీర ఆరేసిన్రు."

"అవు బిడ్డా. నువ్వు ఎన్కకు జరుగు."

రెండు రోజులకు ఒక ముసలాయన స్టూడియోకు వచ్చాడు. "నేనచ్చేసరికే దహనం జేసిన్రు. నా బిడ్డ మొఖం ఏ ఫోటోలనన్న అచ్చిందా, సారూ?"

"రాలె కాకా," అన్నాడు నాయిన.

ఫోటోలు పాడుచేశాడని నాకు సిగ్గేసింది.

నాయిన పోయాక ఆ నెగెటివ్‌లు చూశాను. చితికిపోయిన ఆ ముఖం ప్రతిదాంట్లోనూ స్పష్టంగా ఉంది.