ఫొటో కింద ఆయన పేరు

మా ఆయన పోయిన ఏడాదికి మా ఊరి మిరప రైతుల సంఘం వాళ్ళు ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టించారు. మేలు కాయలు ఏరి, విత్తనం దాచి నలుగురికీ పంచిన పెద్దవాళ్ళ ఫొటోలు అందులో ఉంటాయి, మా ఆయనదీ ఉంది. ఆ పేజీ చేసింది మా కోడలు. ఇంట్లో కూర్చునే అలాంటి పనులు చేస్తుంది.

పేజీ తెరిచి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. మౌస్ కదిపితే బాణం గుర్తు ఆయన ఫొటో మీదికి వెళ్ళింది. ఫొటో కాస్త నల్లబడి, దాని మీద తెల్లటి అక్షరాలతో పేరు వచ్చింది. బాణం పక్కకి తీస్తే పోయింది. నాకు చదువు రాదు. మార్కెట్ యార్డుకి వెళ్ళే మిరపకాయల టిక్కీ బస్తాల మీద ఆయన తన పేరు రాయించేవాడు, అందుకని ఆ అక్షరాలు మాత్రం గుర్తుపడతాను. నా నోటితో ఆ పేరు ఎప్పుడూ పలకలేదు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. ఆ రోజు మౌస్ పట్టుకుని ఎన్నిసార్లు అటూ ఇటూ తిప్పానో.

తర్వాత కోడలు అదే పేజీని వేరే బ్రౌజర్‌లో తెరిచింది. ఒక్కో బ్రౌజర్ ఒక్కో తీరుగా చూపిస్తుందట. అందులో ఫొటో నల్లబడింది గానీ పేరు రాలేదు. ఏదో సరిచేసింది, వచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాను.

మర్నాడు ఒంగోలు నుంచి మా ఆడపడుచు ఫోను చేసింది.

"వదినా, అన్నయ్య ఫొటో ఉంది. పేరేదీ?"

ఉంది, సరిగ్గా చూడమన్నాను.

"ఇందాకట్నించీ నొక్కుతూనే ఉన్నా. నువ్వు జన్మలో పలకలేదు, నీ కోడలి కంప్యూటరూ పలకనంటోంది."

నవ్వబోయి ఇద్దరం ఏడ్చాం.

కోడల్ని అడిగాను. బాణం పైకి వస్తేనే పేరు కనబడేలా చేశాననీ, ఫోనుకి మౌస్ ఉండదు కాబట్టి అందులో రావడం లేదనీ చెప్పింది. సంఘం వాళ్ళకి ఆ తీరే అందంగా ఉందట. మా చుట్టాల్లో కంప్యూటర్ ఎవరికుంది? అందరూ చూసేది ఫోనులోనే. రేపు నేనూ పోతే, ఆ ముఖం ఎవరిదో చెప్పేవాళ్ళు ఎవరు?

"వెతుక్కుంటే కనబడేది వద్దమ్మా. ఎవరు ఎందులో చూసినా పేరుండాలి" అన్నాను.

కోడలు సంఘం పెద్దకి ఫోను చేసి, బతిమాలి ఒప్పించింది. దాచే పద్ధతి తీసేసి, అందరి పేర్లూ ఫొటోల కిందే పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం కల్లంలో కాయలు తిరగేస్తుంటే వచ్చి, పేజీ తెరిచి ఫోను నా చేతిలో పెట్టింది. ఎండకి ఏమీ కనబడలేదు. కొంగు అడ్డం పెట్టుకుని చూశాను. ఫొటో కింద పేరుంది. వేలు దగ్గరికి తీసుకెళ్ళాను గానీ ఆనించలేదు. అలాగే చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.