కిటికీ పక్క పీట

నర్సీపట్నం నుంచి మాకవరపాలెం వెళ్ళే రోడ్డు పక్కన మన్మథరావు జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ అని బోర్డు మీద రాసుకున్నాడు కానీ, నిజానికి అదొక రేకుల షెడ్డు, దానికి ఆనుకుని ఒక పొడవాటి గది. ఆ గదిలో పద్దెనిమిది మంది ఆడవాళ్ళు గోడ వారగా పీటలు వేసుకుని కూర్చుంటారు. గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. పొట్టు ఎగిరిపోతుందని ఫ్యాను పెట్టరు. గాలి కావాలన్నా, వెలుతురు కావాలన్నా ఆ కిటికీయే దిక్కు.

ఆ కిటికీ పక్క పీట రామాయమ్మది.

అదేమీ ఊరికే రాలేదు. కొత్తగా చేరినవాళ్ళు తలుపు దగ్గర, పప్పు ఆరబెట్టే పొయ్యి సెగ తగిలే చీకటి మూలన కూర్చోవాలి. పైవాళ్ళలో ఎవరైనా మానేస్తే మిగతావాళ్ళు తలా ఒక పీట కిటికీ వైపు జరుగుతారు. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు, అయినా ఆ గదిలో దీన్ని మించిన చట్టం లేదు. తలుపు నుంచి కిటికీ దాకా ఇరవై అడుగులు నడవడానికి రామాయమ్మకి పదకొండేళ్ళు పట్టింది. ఎనిమిదేళ్ళ కిందట చేరుకున్న రోజున గదిలో అందరికీ జిలేబీ పంచింది కూడా.

పనిలోనూ అదే వరస. కిటికీ వైపు కూర్చున్న పెద్దవాళ్ళు పప్పుకి పొట్టు తీస్తారు. ఆ పళ్ళేలు చేతులు మారుతూ తలుపు వైపు వెళ్తాయి. అక్కడ కొత్తవాళ్ళు పగలని గుండు, సగమైన బద్ద, విరిగిన ముక్క వేర్వేరుగా ఏరి, పొట్టు ఎక్కడైనా మిగిలిందేమో చూసి డబ్బాలకి ఎత్తుతారు.

రామాయమ్మ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. రెండేళ్ళుగా ఆమెకి కళ్ళు మసకబారాయి. తెలిస్తే ఇంటికి పంపేస్తారని భయం. ఫ్యాక్టరీలో ఆమె రామాయమ్మ. ఇంట్లో కూర్చుంటే ఎవరికో అత్తగారు, ఎవరికో నాయనమ్మ, అంతే. అందుకే ఎవరైనా అటు చూస్తే చాలు, పప్పుని ముక్కు దాకా తెచ్చుకుని తెగ పరీక్షించేది. ఎవరూ చూడనప్పుడు హాయిగా కళ్ళు మూసుకుని పని చేసుకునేది.

ఆషాఢంలో యలమంచిలి వ్యాపారి మూడు డబ్బాలు వెనక్కి పంపాడు. పప్పుకి పొట్టు అంటుకుని ఉందట. మన్మథరావు ఆ డబ్బాలు తెచ్చి గది మధ్యలో దబ్బున పెట్టాడు.

"ఏటమ్మా ఇది? నాను పప్పు అమ్ముతున్నానా, పొట్టు అమ్ముతున్నానా?"

తలుపు దగ్గర నుంచి సాయిలక్ష్మి లేచి నిలబడింది. చేరి మూడు నెలలే అయింది.

"బాబూ, నానొక మాట సెప్తాను. ఏరేవోల్లం మేము సీకట్లో కూకుంటన్నాం. మాకు పొట్టు అవుపడట్లేదు. మమ్మల్ని కిటికీ కాడికి మారిస్తే..."

"ఓలమ్మో! మూడు నెల్లకే కిటికీ కావాలంటంది, సూసేరా!" అంది దేవుడమ్మ. పాపం, ఆరేళ్ళుగా ఆ కిటికీ మీదే కన్నేసి ఉంది, ఇంకా మూడు పీటల దూరంలో ఉంది.

"కూకోయే!" అని రామాయమ్మ గద్దించింది. "నీ వయసంత ఉంది నా సర్వీసు. నాకు సెప్తావేటి పని?"

సాయిలక్ష్మి కూర్చుండిపోయింది. మన్మథరావు కూడా రామాయమ్మ మాటకి ఎదురు చెప్పలేక వెళ్ళిపోయాడు. ఆ పిల్ల చెప్పింది నిజమని రామాయమ్మకి అప్పుడే తెలుసు. అందుకే అంత గట్టిగా అరిచింది. ఆ చీకటి మూలన కూర్చుంటే చూస్తున్నట్టు నటించడం కుదరదని, కళ్ళ సంగతి బయటపడిపోతుందని ఆమె భయం.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం పెద్ద వాన పట్టుకుంది. పప్పు తడుస్తుందని రామాయమ్మే కిటికీ తలుపులు వేయించి, గదిలో ఉన్న ఒక్క గుడ్డి బల్బూ వెలిగించమంది. కాసేపటికి కరెంటు పోయింది. పదిహేడు మంది చేతులు ఆగిపోయాయి. ఒక్క పీట దగ్గర మాత్రం పప్పు పళ్ళెంలో పడుతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.

"ఏటే, అందరూ పని ఆపేసినారేటి?" అంది రామాయమ్మ, కళ్ళు మూసుకునే.

"పెద్దమ్మా, కరెంటు పోయి శానాసేపయింది కదా," అంది సాయిలక్ష్మి మెల్లగా.

రామాయమ్మ చేతిలో పప్పు జారిపోయింది. ఇంక దాచడానికేమీ మిగల్లేదు. ఎవరో గబగబా కిటికీ తెరిచారు. షెడ్డులోంచి వచ్చిన మన్మథరావు సంగతి విని ఆమె పళ్ళెం తీసుకున్నాడు. కిటికీ దగ్గర నిలబడి ఒక్కో పప్పూ తిప్పి తిప్పి చూశాడు. ఒక్కదానికీ పొట్టు లేదు.

"రెండేల్లయింది బాబూ, నాకు సరిగ్గా అవుపడక," అంది రామాయమ్మ. "మానిపించాలంటే మానిపించు. గానీ ఆ పిల్ల మాట ఇను. నానే నోరు మూయించేసినాను. పొట్టు తియ్యడానికి యేల్లు సాలు. ఏరడానికే కల్లు కావాల."

మన్మథరావు పళ్ళెం కింద పెట్టాడు. "నిన్ను మానిపించీసి, ఈల్లకి యేల్లతో పని ఎవులు నేర్పుతారు పిన్నీ? రేపట్నుంచి ఏరేవోల్లు కిటికీ కాడ. నువ్వు మాత్రం బేగి కంటాసుపత్రికి ఎల్లాల."

"మరి నా ఆరేల్లు ఏటైపోవాల?" అని దేవుడమ్మ లబోదిబోమంది.

"నా పదకొండేల్లు నానే వొదిలేత్తంటే నీ ఆరేల్ల గోలేటే!" అంది రామాయమ్మ. గదంతా నవ్వులు. చివరికి దేవుడమ్మ కూడా నవ్వక తప్పలేదు.

రేపటి దాకా ఎందుకని రామాయమ్మ అప్పుడే పీట చంకన పెట్టుకుని లేచింది. సాయిలక్ష్మి కిటికీ దగ్గరకి వెళ్ళడానికి మొహమాటపడుతుంటే, "ఎల్లవే, మల్లీ పిలవాలేటి?" అని వీపు మీద ఒకటి చరిచింది. తను పోయి తలుపు మూలన, పొయ్యి సెగ పక్కన కూర్చుని ఒళ్ళో పళ్ళెం పెట్టుకుంది. గుప్పెడు పప్పు తీసుకుని అందరి ఎదుటా కళ్ళు మూసుకుంది. రెండేళ్ళలో మొదటిసారి, చూస్తున్నట్టు నటించకుండా తన పని తాను చేసుకుంది.